విఫలమైన ప్రయోగం నుండి నేర్చుకొనే పద్ధతి: అంబాజీపేట కొబ్బరి తోటలు, వాణిజ్య సంస్థలు

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని అంబాజీపేటకు రెండు విధాలుగా పేరున్నది. ఒకటి కొబ్బరి మార్కెట్టు, రెండవది డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన ఉద్యాన పరిశోధనా స్థానం. మార్కెట్టుకు వచ్చిన సరకు నచ్చలేదన్న సంగతి ఆ సాయంత్రానికే తెలుస్తుంది. తోటలో వాడిన కొత్త మందు, కొత్త ఎరువు లేదా నాటిన కొత్త రకం ఫలించలేదన్న సంగతి తెలియడానికి నెలలు, ఒక్కొక్కసారి సంవత్సరాలు పడుతుంది. ఈ లోపల రైతు డబ్బు ఖర్చవుతుంది. అంతకన్న నష్టకరమైనది మరొకటి ఉన్నది. పనిచేయని పద్ధతి పనిచేసినట్లు, పనిచేసే పద్ధతి విఫలమైనట్లు ఊరంతా నమ్మే స్థితి ఏర్పడుతుంది.

వాణిజ్య సంస్థలు కొత్త వస్తువులను, సేవలను సమాచారం ఆధారంగా పరీక్షించి, వైఫల్యాల నుండి పాఠాలు తీసుకొనే పద్ధతిని గురించి నేడు విరివిగా చర్చ జరుగుతున్నది. ఇది కంప్యూటర్ కంపెనీలు కనిపెట్టిన విద్య అనే అభిప్రాయం ఆ చర్చలో వినిపిస్తుంది. నిజానికి ఈ విద్య పుట్టినది పొలంలో. దానిని కోనసీమ కొబ్బరి తోటలో చూచినప్పుడు దాని బలమూ, పరిమితులూ మరింత స్పష్టంగా కనిపిస్తాయి.

సర్పిలాకార తెల్లదోమ వచ్చినప్పుడు

మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన సర్పిలాకార తెల్లదోమ (అల్యూరోడికస్ రుజియోపెర్క్యులేటస్) భారతదేశంలో మొదటిసారిగా 2016లో తమిళనాడులోని పొళ్లాచ్చి ప్రాంతపు కొబ్బరి తోటల్లో గుర్తించబడినది. అనతికాలంలోనే అది గోదావరి జిల్లాలకు చేరినది. నర్సరీల నుండి మొక్కలు దూరప్రాంతాలకు రవాణా అయ్యేచోట ఇటువంటి పురుగు విస్తరణకు హద్దు ఉండదు. ఈ దోమ ఆకు అడుగుభాగాన వలయాకారంగా గుడ్లు పెట్టి, తెల్లని మైనపు పొడిని కప్పుతుంది. పిల్ల, తల్లి పురుగులు రసం పీల్చి తేనెవంటి జిగురును విసర్జిస్తాయి. ఆ జిగురు క్రింది ఆకుల పైభాగాన పడి, దానిపై మసి బూజు పెరిగి, మట్టలు నల్లబడతాయి. చెట్ల క్రింద వేసిన అరటి, కోకో, పోక మొక్కలు కూడా నల్లగా మారతాయి.

నల్లబడిన తోటను చూచిన రైతు మొదట మందు కొట్టాలని భావించడం సహజం. వరికి, కూరగాయలకు అలవాటైన ఉపాయమది. కొబ్బరిలో ఈ ఉపాయానికి అవరోధాలు పెక్కు. పెరిగిన చెట్టు మీద ఆకు అడుగుభాగానికి మందు అందదు, మైనపు పొడి మందును లోపలికి పోనీయదు. ఒక తోటలో కొట్టినా ప్రక్క తోట నుండి దోమ తిరిగి వస్తుంది. వీటన్నిటికన్న ముఖ్యమైనది మరొకటి. దోమతోపాటే దాని సహజ శత్రువైన ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే చిన్న బదనిక కూడా మన తోటల్లో కనిపించినది. విస్తృత ప్రభావం గల రసాయన మందు ఈ బదనికను కూడా చంపుతుంది.

ఇంతవరకు చెప్పినది ఏ సలహా పత్రంలోనైనా దొరుకుతుంది. ప్రశ్న ఏమనగా, మందు కొట్టడం విఫలమైనదని ఎలా నిర్ధారించాలి? మందు కొట్టిన రైతుల్లో చాలామంది అది పనిచేసినదనే చెబుతారు. వారు అబద్ధం చెప్పడం లేదు. దోమ నిజంగానే తగ్గినది. కాని మందు కొట్టని తోటలో కూడా తగ్గినదా అన్న ప్రశ్న వారెవరూ వేసుకొనరు.

వాన చేసిన పని, మందు చేసిన పని

ఈ తెల్లదోమ పొడి వాతావరణంలో పెరిగి, గట్టి వానలు పడినప్పుడు తగ్గుతుంది. వానకు ముందు వారంలో మందు కొట్టినవాడికి ఆ మందు అద్భుతంగా కనిపిస్తుంది. ఎండలు ముదురుతున్నప్పుడు అదే మందు కొట్టినవాడికి అది నాసిరకంగా కనిపిస్తుంది. మందు ఒక్కటే, మారినది ఋతువు. అందువలన పోలికకు మందు కొట్టని చెట్లు కొన్ని అదే తోటలో, అదే కాలంలో ఉండాలి. వీటిని నియంత్రణ చెట్లు అంటారు.

ఈ పోలికను అంకెల్లోకి మార్చడానికి 1955లో హెండర్సన్, టిల్టన్ అనే శాస్త్రవేత్తలు ఇచ్చిన సూత్రం నేటికీ కీటక శాస్త్ర ప్రయోగాల్లో వాడుకలో ఉన్నది. అంతకు ముందు 1925లో అబ్బాట్ ఇచ్చిన సూత్రం నియంత్రణలో సహజంగా కలిగిన మరణాలను మాత్రమే మినహాయించేది. హెండర్సన్-టిల్టన్ సూత్రం మందు కొట్టక ముందున్న సంఖ్యలను కూడా లెక్కలోకి తీసుకొంటుంది. లెక్క బోధపడడానికి ఊహాత్మకమైన అంకెలు తీసుకొందాము. మందు కొట్టిన చెట్ల మీద చిరుఆకుకు సగటున 60 దోమలుండి, పదిహేను రోజుల తరువాత 24కు తగ్గినవనుకొందాము. చూపుకు 60 శాతం తగ్గుదల. కొట్టని చెట్ల మీద అదే వ్యవధిలో 50 నుండి 25కు తగ్గినవి. సూత్రం ప్రకారం 24ను 50తో గుణిస్తే 1200, 60ని 25తో గుణిస్తే 1500. మొదటి దానిని రెండవ దానితో భాగించి ఒకటి నుండి తీసివేస్తే 0.2, అనగా 20 శాతం. రైతు 60 శాతమని నమ్మిన ఫలితంలో మందు వాటా 20 శాతమే, తక్కినది వానదో, బదనికదో. ఆ 20 శాతం కోసం చేసిన ఖర్చు, చచ్చిన బదనికల నష్టం లెక్కవేస్తే మందు కొట్టడం లాభమా నష్టమా అన్నది అప్పుడు తేలుతుంది.

దోమల సంఖ్య ఒక్కటే కొలిచినా చాలదు. అదే చిరుఆకు మీద బదనిక సోకిన పిల్లదశలు ఎన్ని, సోకనివి ఎన్ని అన్నది కూడా వ్రాసుకోవాలి. ఇందుకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు, చేతి భూతద్దం చాలును. దోమ తన కోశం నుండి ఆంగ్ల 'టీ' అక్షరం ఆకారపు చీలిక ద్వారా బయటికి వస్తుంది. బదనిక గుండ్రని రంధ్రం చేసుకొని వస్తుంది. ఖాళీ కోశాల్లో గుండ్రని రంధ్రాలున్నవి ఎన్ని అన్న లెక్క ఆ తోటలో ఎవరిది పైచేయి అవుతున్నదో చెబుతుంది. మందు కొట్టిన తరువాత దోమ తగ్గి, గుండ్రని రంధ్రాల వాటా కూడా తగ్గితే, ఆ తోట రాబోయే నెలల్లో మునుపటికన్న ప్రమాదంలో పడబోతున్నదని అర్థం. పదిహేనవ రోజున విజయంగా కనిపించినది తొంభైయవ రోజున వైఫల్యంగా బయటపడే అవకాశమున్నది. పదిహేనవ రోజుకే లెక్క ముగించిన ప్రయోగం ఈ సంగతిని చూడలేదు.

ఈ అవగాహన నుండే నేటి సిఫారసులు వచ్చినవి. రసాయన మందుల జోలికి పోకుండా ఎన్‌కార్సియా బదనికలు స్థిరపడిన తోటల నుండి ఆకుముక్కలను తెచ్చి కొత్త తోటల్లో ఉంచడం, ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంధ్రాన్ని లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున పిచికారీ చేయడం, పసుపు రంగు జిగురు అట్టలు కట్టడం, మసి బూజు రాలడానికి ఒక శాతం గంజి ద్రావణం చల్లడం వాటిలో ముఖ్యమైనవి. డైకోక్రైసా ఆస్టర్ అనే అల్లిక రెక్కల పురుగును ప్రయోగశాలలో పెద్దయెత్తున పెంచే పద్ధతి మీద అంబాజీపేట స్థానం ప్రత్యేకంగా కృషి చేసినది. బియ్యపు పురుగు గుడ్లే దీనికి ఆహారం.

జీవ నియంత్రణ కూడా విఫలమవుతుంది

రసాయనాలు చెడ్డవి, మిత్రపురుగులు మంచివి అని తేల్చి ఊరుకొంటే అది ప్రచారమవుతుంది. జీవ నియంత్రణ పద్ధతులు కూడా విఫలమైన సందర్భాలున్నవి. వాటిని దాచడం వలన శాస్త్రానికి మేలు జరగదు.

శిలీంధ్రపు పొడి విషయమే తీసుకొనవచ్చును. దాని బీజాలు మొలకెత్తడానికి గాలిలో తేమ కావాలి, ఎండ తీవ్రతకు అవి చచ్చిపోతాయి. మిట్టమధ్యాహ్నం కొట్టిన తోటలో, ఇంటి రేకుల క్రింద నెలల తరబడి నిలువ ఉంచిన పొడిని కొట్టిన తోటలో ఫలితం రాదు. ఈ రెండు తోటల రైతులూ శిలీంధ్రం పనిచేయదనే అంటారు. కొట్టిన వేళ, నాటి తేమ, పొడి తయారైన తేదీ వ్రాసి ఉంటే పద్ధతి విఫలమైనదా, అమలు విఫలమైనదా అన్నది విడదీయవచ్చును. వ్రాసి లేకపోతే రెండూ ఒక్కటే అవుతాయి. మంచి పద్ధతులు తోటల నుండి వెళ్లిపోయేది తరచుగా ఈ దారినే.

మరొక సందర్భం ఇంతకన్న సూక్ష్మమైనది. ఎన్‌కార్సియా స్థిరపడిన తోటల్లో కూడా తెల్లదోమ తిరిగి విజృంభించినదనే ఫిర్యాదులు వస్తాయి. 2018 తరువాత దేశంలో కొబ్బరిని ఆశించే మరికొన్ని తెల్లదోమలు కూడా కనిపించినవి. వాటిలో బొండార్ గూడు తెల్లదోమ ఒకటి. ఇది ఆకారంలో చిన్నది, దూదివంటి మైనంతో గూడు కట్టుకొని అందులో ఉంటుంది. సర్పిలాకార తెల్లదోమను అదుపు చేసే బదనిక దీనిని అదుపు చేయదు. రెండు దోమలూ ఒకే ఆకు మీద కలిసి ఉండగా తెల్లగా కనిపించిన ప్రతిదానినీ ఒకే పద్దులో వ్రాస్తే, బదనిక విఫలమైనట్లు అంకెలు చూపుతాయి. రెండు పద్దులు పెట్టి వేరువేరుగా లెక్కించినప్పుడే బదనిక తన పని తాను చేస్తున్నదా లేదా, ఖాళీ అయిన చోటులోకి కొత్త పురుగు చేరుతున్నదా అన్నది తెలుస్తుంది.

నల్లతల గొంగళి పురుగు విషయంలో ఈ పాఠం కొబ్బరి శాస్త్రవేత్తలకు ఎప్పుడో తెలిసినదే. దానిని ఆశించే బదనికల్లో ప్రతిదానికీ తనదైన దశ ఉన్నది. గోనియోజస్, బ్రాకాన్ బదనికలు గొంగళి దశను ఆశిస్తాయి, బ్రాకిమేరియా కోశస్థ దశను ఆశిస్తుంది. చెట్టు మీద కోశాలే ఉన్న వారంలో బ్రాకాన్‌ను వదిలితే బదనికలు వృథా అవుతాయి. కనుకనే ముందుగా మట్టలు కోసి, ఏ దశ పురుగులు ఎన్ని ఉన్నవో లెక్కించి, ఆ లెక్కకు తగిన నిష్పత్తిలో బదనికలను వదలమని సిఫారసు.

బీరు సంస్థ నుండి సాఫ్ట్‌వేర్ సంస్థ వరకు

ఈ పద్ధతికి మూలపురుషుల్లో ఒకడు ఒక వాణిజ్య సంస్థ ఉద్యోగి. విలియం సీలీ గాసెట్ 1899లో ఐర్లండులోని డబ్లిన్ నగరంలో గిన్నెస్ బీరు తయారీ సంస్థలో చేరినాడు. ఏ బార్లీ రకం మేలైనదో, ఏ హాప్ పూలు నాణ్యమైనవో తేల్చడానికి ఆ సంస్థకు ఉన్నవి కొద్దిపాటి నమూనాలే. కొద్ది నమూనాల నుండి ఎంతవరకు నమ్మవచ్చునో చెప్పే పరీక్షను ఆయన 1908లో 'స్టూడెంట్' అన్న మారుపేరుతో ప్రకటించినాడు. నేటికీ వ్యవసాయ విద్యార్థులు నేర్చుకొనే టి-పరీక్ష అదే. 1919లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో చేరిన రోనాల్డ్ ఫిషర్, పొలంలో సారం అంతటా సమానంగా ఉండదన్న వాస్తవాన్ని ఎదుర్కొనడానికి మూడు సూత్రాలను నెలకొల్పినాడు. ఏ మడికి ఏ చర్య అన్నది చీటీలు వేసి నిర్ణయించడం, ప్రతి చర్యను పలుమడులలో తిరిగి చేయడం, సారం సమానంగా ఉన్న మడులను ఒక బ్లాకుగా కూర్చడం. ఆయన 1935లో వెలువరించిన ప్రయోగ రచన గ్రంథం ఈ విద్యకు ప్రామాణికమైనది.

నేడు అంతర్జాల సంస్థలు వినియోగదారులను చీటీలు వేసినట్లు రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి పాత రూపం, మరొక వర్గానికి కొత్త రూపం చూపి ఫలితాన్ని పోల్చుతున్నవి. ఇది ఫిషర్ మడి ప్రయోగమే. మడి స్థానంలో మనిషి వచ్చినాడు, అంతే. ఈ పరీక్షలు నేర్పినది సంస్థలకు అంత రుచించేది కాదు. మైక్రోసాఫ్ట్ నిపుణులు తమ అనుభవం నుండి ప్రకటించిన ప్రకారం, పరీక్షించిన ఆలోచనల్లో సుమారు మూడవ వంతు మేలు చేసినవి, మూడవ వంతు ఏ మార్పూ తేలేదు, తక్కిన మూడవ వంతు నష్టం కలిగించినవి. ఇవన్నీ అనుభవజ్ఞులు బాగుంటాయని నమ్మి ప్రతిపాదించిన ఆలోచనలే. పరీక్షించకుండా అమలు చేసి ఉంటే నష్టం చేసిన మూడవ వంతు కూడా విజయాల పట్టికలోనే చేరేది.

అంకెలున్నంత మాత్రాన తప్పు జరగదని కూడా అనలేము. కోకా-కోలా సంస్థ 1985 ఏప్రిల్‌లో తన పానీయపు రుచిని మార్చినది. అంతకు ముందు దాదాపు 2 లక్షల రుచి పరీక్షలు జరిపినది, వాటిలో కొత్త రుచికే మొగ్గు వచ్చినది. మూడు నెలలు తిరగకుండానే వినియోగదారుల ఆగ్రహానికి తలయొగ్గి పాత రుచిని తిరిగి తెచ్చినది. పరీక్షలు కొలిచినది గుక్కెడు పానీయం నాలుకకు నచ్చినదా అన్నది. పాత పానీయాన్ని తీసివేస్తే ఏమనుకొంటారన్నది కొలవలేదు. పదిహేనవ రోజు దోమల లెక్కకూ దీనికీ భేదం లేదు. సులభంగా దొరికే కొలతను, కావలసిన కొలతగా పొరబడడమే రెండు చోట్లా జరిగినది.

కొబ్బరి చెట్టు ఆలస్యం

సాఫ్ట్‌వేర్ సంస్థకు రెండు వారాల్లో వచ్చే జవాబు కొబ్బరి పరిశోధకుడికి రాదు. కొబ్బరి చెట్టులో పూగుత్తి మొలక ఏర్పడిన నాటి నుండి ఆ గుత్తి విచ్చుకొనే వరకు సుమారు 32 నెలలు, అక్కడి నుండి కాయ పండడానికి మరి 12 నెలలు, మొత్తం సుమారు 44 నెలలు పడుతుంది. ఈనాటి దింపులో వచ్చిన కాయల సంఖ్యలో మూడేళ్ల క్రిందటి నీటి ఎద్దడి కూడా ఇమిడి ఉంటుంది. ఈ సంవత్సరం ఎరువు వేసి, వచ్చే సంవత్సరం దిగుబడి చూచి, ఎరువు విఫలమైనదని తేల్చిన ప్రయోగం నిజానికి ఎరువును పరీక్షించనే లేదు. దిగుబడి పెరిగినదని సంతోషించినా అంతే.

చెట్టుకూ చెట్టుకూ మధ్య భేదం కూడా ఎక్కువే. ఒకే వరుసలో ఒక చెట్టు మరొక దానికి రెండింతలు కాసేది ఉంటుంది. కనుక చర్య మొదలు పెట్టక ముందే ప్రతి చెట్టు దిగుబడిని రెండు మూడేళ్లపాటు వ్రాసి, ఆ పూర్వపు దిగుబడిని లెక్కలో సవరించుకొనడం అవసరం. ఇక తుపానులు. 1996 నవంబరు తుపాను కోనసీమలో లెక్కకు మించిన కొబ్బరి చెట్లను నేలకూల్చినది. అటువంటి గాలి తరువాత నిలిచి ఉన్న చెట్లను మాత్రమే లెక్కించి ఏ రకం బాగా కాస్తున్నదో చెప్పడం పొరపాటు. కూలిన చెట్లు కూడా ఆ రకం ఫలితమే, వాటి గడి ఖాళీగా వదలరాదు. మూతపడిన దుకాణాలను వదిలివేసి, నడుస్తున్న దుకాణాల లాభాలను మాత్రమే చూచి వ్యాపార సూత్రాలు చెప్పేవారు చేసే తప్పు కూడా ఇదే.

సంకర రకాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. అంబాజీపేట నుండి వెలువడిన గోదావరి గంగ, ఈస్ట్ కోస్ట్ టాల్, గంగబొండాం రకాల సంకరం. పొట్టి రకాల రక్తమున్న సంకరాలు త్వరగా కాపుకు వచ్చి, నీరు, ఎరువు సక్రమంగా అందితే బాగా కాస్తాయి, నీటి ఎద్దడిని పొడవు రకాలంతగా ఓర్చుకొనలేవు. నీటి వసతి లేని తోటలో సంకర రకం నాటి నష్టపోయిన రైతు అనుభవం నిజమైనదే. ఆ అనుభవం రకం చెడ్డదని చెప్పదు, ఆ రకానికి తగిన హద్దు ఎక్కడ ఉన్నదో చెబుతుంది. ఒకే రకాన్ని దేశంలోని పలు కేంద్రాల్లో పరీక్షించే అఖిల భారత సమన్వయ పరిశోధన ఏర్పాటు ఈ హద్దులను తెలుసుకొనడానికే.

కొబ్బరి ఆధారిత సంస్థలకు

కోనసీమలో కొబ్బరి పీచు, నూనె, కొబ్బరి నీటి ఉత్పత్తులు తయారు చేయదలచిన రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు, చిన్న పరిశ్రమలకు పై అనుభవం నేరుగా పనికివస్తుంది. ఉదాహరణకు సీసాలో నింపిన కొబ్బరి నీటిని అమ్మదలచిన సంఘం ఒకటి ఉన్నదనుకొందాము. సాధారణంగా జరిగేది, ఒకేసారి యంత్రం కొని, వేల సీసాలు నింపి, అవి తిరిగి వచ్చినప్పుడు జనానికి నచ్చలేదని ముగించడం. నచ్చనిది రుచియా, ధరా, నిలువ కాలమా, దుకాణంలో ఉంచిన చోటా అన్నది తెలియదు. యంత్రం తుప్పు పడుతుంది, అప్పు మాత్రం మిగులుతుంది.

దీనికి బదులు ఇరవై దుకాణాలను ఎంచుకొని, అమ్మకాల స్థాయిని బట్టి జంటలుగా కూర్చి, ప్రతి జంటలోనూ ఏ దుకాణానికి ఏ ధర అన్నది చీటీ వేసి నిర్ణయించవచ్చును. ఎన్ని సీసాలు అమ్మితే కొనసాగించాలో, ఎన్నింటికి తగ్గితే ఆపాలో మొదటి సీసా బయటికి వెళ్లక ముందే పుస్తకంలో వ్రాసి సభ్యులచేత సంతకం చేయించాలి. ఈ ముందు వ్రాత లేనిచోట ప్రతి ఫలితమూ తరువాత విజయంగానే వివరించబడుతుంది. ఇరవై కొలతలు తీసుకొంటే, నిజంగా ఏ తేడా లేకపోయినా, ఐదు శాతం ప్రమాణం వద్ద సగటున ఒకటి అనుకూలంగా కనిపిస్తుంది. ఏడాదిలోని అన్ని దింపుల్లోనూ బాగా వచ్చిన ఒక్క దింపును చూపి ఎరువు గొప్పదనేవారు, బాగా అమ్ముడైన ఒక్క వారాన్ని చూపి సరకు గొప్పదనేవారు చేసేది ఒకే పని.

విఫలమైన పరీక్షల పుస్తకాన్ని నిర్వహించడంలో ఆటంకం సాంకేతికమైనది కాదు. ఓడిన ప్రయోగాన్ని ప్రతిపాదించినవాడికి చెడ్డపేరు వస్తుందన్న భయమే ఆటంకం. ఈ భయం కంపెనీల్లో ఉన్నది, సంఘాల్లో ఉన్నది, పరిశోధనా సంస్థల్లోనూ లేదనలేము. ఫలితం రాని ప్రయోగం పత్రికలకు ఎక్కకపోవడం వలన అదే ప్రయోగాన్ని పది సంవత్సరాల తరువాత మరొక కేంద్రంలో మరొకరు మొదటి నుండి చేస్తారు. అందువలన పుస్తకంలో ప్రతిపాదించినవారి పేరుకన్న ముందు నాలుగు సంగతులు ఉండాలి. ఏమి జరుగుతుందని అనుకొన్నారు, ఏది కొలిచినారు, ఏది కొలవలేదు, ఏ పరిస్థితిలో తిరిగి పరీక్షించవచ్చును. తెల్లదోమ తోటలో నాలుగవ గడి ముఖ్యమైనది. శిలీంధ్రపు పొడి ఎండల్లో విఫలమైనదని వ్రాసిన రైతు, కార్తీకమాసపు సాయంత్రం తేమలో దానిని మరల కొట్టి చూడడానికి ఆ గడే కారణమవుతుంది. ఆనాడు కూడా తోటలో ఒక వరుసను కొట్టకుండా వదిలి, పదిహేనవ రోజున భూతద్దంతో రెండు వరుసల ఆకులనూ లెక్కించి, సర్పిలాకార దోమలకు ఒక పద్దు, గూడు దోమలకు మరొక పద్దు, గుండ్రని రంధ్రాలకు వేరొక పద్దు పెట్టి వ్రాయవలసి ఉంటుంది.